హాస్టలా, అద్దె రూమా? ఈ లెక్కలో కులం కూడా ఉంది

ఈపూరు, బొల్లాపల్లి, నూజెండ్ల పల్లెల నుంచి వినుకొండకు డిగ్రీ చదవడానికి వచ్చే దళిత విద్యార్థుల ముందు రెండు దారులుంటాయి: సాంఘిక సంక్షేమ హాస్టల్, లేదా నలుగురు కలిసి తీసుకునే అద్దె రూము.

హాస్టల్లో అద్దె ఉండదు. భోజనం అక్కడే. సీనియర్ల పుస్తకాలు, తోడు దొరుకుతాయి. ఇరుకు, వేళల కట్టుబాటు భరించాలి. రూములో స్వేచ్ఛ ఎక్కువ. కానీ అడ్వాన్సు, అద్దె, కరెంటు, గ్యాసు కూలి కుటుంబానికి పెద్ద బరువు. 2020-21లో సవరించిన కేంద్ర పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ పథకంలో సాధారణ డిగ్రీ చదివే ఎస్సీ విద్యార్థికి ఏడాది భత్యం హాస్టలర్‌కు 6,000 రూపాయలు, డే స్కాలర్‌కు 3,000. అంటే డే స్కాలర్‌కు నెలకు 250 రూపాయలే. దరఖాస్తులో మిమ్మల్ని దేనికింద రాశారో చూసుకోండి.

డబ్బు సర్దుకున్నా, రూము వెతుకులాటలో ఊరు, బజారు అడిగి చివరికి "మీరేంటోళ్లు?" అంటారు. జవాబు చెప్పగానే "నిన్ననే వేరేవాళ్లకి ఇచ్చేశాం" అంటే?

1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం సెక్షన్ 4 ప్రకారం అంటరానితనం పాటించి నివాసానికి అడ్డుపడటం నేరం. నెల నుంచి ఆరు నెలల జైలు, జరిమానా పడతాయి. అందరికోసం నడిపే హాస్టల్లో చేర్చుకోకపోతే సెక్షన్ 5 వర్తిస్తుంది. బాధితులు ఎస్సీలైతే, ఆ నేరం అంటరానితనం వల్లే జరిగిందని కోర్టు భావించాలని సెక్షన్ 12 చెబుతోంది. కాదని నిరూపించుకోవాల్సింది నిందితుడే. అందుకే టులెట్ బోర్డు ఫోటో, తేదీ, కాల్ రికార్డు దాచుకోండి. వెంట ఒక సాక్షిని తీసుకెళ్లండి.

జాషువా పుట్టిన ఊళ్లోనైనా, మరెక్కడైనా, రూము ఇవ్వకపోవడం వల్ల హాస్టల్లో చేరితే అది ఎంపిక కాదు. మంచి హాస్టల్ కోసం, వివక్ష లేని అద్దె ఇంటి కోసం కలిపే అడగాలి.