వెస్ట్‌మర్లండు క్వేకరులు: వంశపరిశోధనమునందు శబ్దజ్ఞానము

వంశచరిత్రము వ్రాయువానికి వ్యాకరణముతో నేమి పనియని నన్ను పలువు రడుగుచుందురు. పేళ్లును తేదులును దొరికినచో నంతటితో కార్యము సిద్ధించునని వారి తలంపు. కాని దొరికిన పేరునకును తేదికిని అర్థము చెప్పవలసివచ్చినప్పుడే చిక్కు మొదలగును. ఒక శబ్దము ఏ కాలమున, ఎవరిచేత, ఏ వివక్షతో ప్రయోగింపబడినదో యెఱుగని పరిశోధకుడు సత్యమైన పత్రమును చేతబట్టుకొనియే యసత్యమును వ్రాయగలడు. ఇందులకు ఇంగ్లండు దేశమునందలి క్వేకరుల పత్రములకంటె మంచి యుదాహరణము నాకు కనబడలేదు. ఆ వర్గమువారి వంశముల నొక్క సీమయందు పరిశోధించు విధమును, అందు శబ్దజ్ఞానమునకు గల యుపయోగమును ఈ వ్యాసమున వివరించెదను. ఆ దేశమును నేను చూచినవాడను గాను. గ్రంథముఖమున తెలిసికొన్నంతవఱకే వ్రాయుచున్నాను.

ఇంగ్లండు వాయవ్యభాగమున కొండలును సరస్సులును నిండిన సీమ యొకటి కలదు. అందు వెస్ట్‌మర్లండు పూర్వము ప్రత్యేకమైన కౌంటీ. దానికి నైరృతిగా సముద్రము నానుకొనియున్న ఫర్నెస్ భాగము లాంకషైరు కౌంటీలోనిది. తూర్పుననున్న సెడ్‌బరు యార్క్‌షైరులోనిది. 1974లో నీ మూడు చోట్లును కంబ్రియా యను క్రొత్త కౌంటీలో చేర్చబడెను. 2023వ సంవత్సరము ఏప్రిలు 1వ తేదినుండి ‘వెస్ట్‌మర్లండు, ఫర్నెస్’ అను పేర నొక్క పాలకమండలి క్రిందికి వచ్చెను. కావున పరిశోధకుడు తాను వెదకు గ్రామము ఏ కాలమున ఏ కౌంటీలో నుండెనో ముందుగా నిశ్చయించుకొనవలయును. సరిహద్దులు మాఱినను పాతపత్రములు తమ పాతపేళ్లను విడువవు.

ఈ సీమకు 1652లో జార్జి ఫాక్సు అను బోధకుడు వచ్చెను. అతడు 1624లో నొక నేతపనివానికి జన్మించి, బాల్యమున చెప్పులుకుట్టువానియొద్ద పని నేర్చినవాడు. ప్రతిమనుష్యుని యంతరంగమునందును దైవజ్యోతి ప్రకాశించుచుండుననియు, దానిని గనుటకు పురోహితుని మధ్యవర్తిత్వ మక్కఱలేదనియు నాతని బోధ. ఆ యేడు జూను మాసమున సెడ్‌బరునకు సమీపమున ఫర్‌బ్యాంకు కొండమీద సుమారు వేయిమంది జనమునకు నతడు బోధించెను. సత్యమతము నన్వేషించుచు, పురోహితులను విడిచి, తమలో తాము కూడుకొనుచుండిన వా రంతకుముందే యా ప్రాంతమున ననేకు లుండిరి. అందు పెక్కండ్రు ఫాక్సు ననుసరించిరి. పిమ్మట నతడు అల్వర్‌స్టన్ దగ్గఱి స్వార్త్‌మూర్ అను గృహమునకు పోయెను. గృహస్వామి థామస్ ఫెల్ న్యాయాధిపతి. అతని భార్య మార్గరెట్ క్రొత్త బోధ నంగీకరించెను. థామస్ తానా మతమున చేరకున్నను, 1658లో చనిపోవువఱకు దానిని కాపాడెను. మార్గరెట్టు 1664 మొదలు 1668 వఱకు చెఱసాలయం దుండి, 1669లో ఫాక్సును వివాహమాడి, 1702లో మృతినొందెను.

‘క్వేకరు’ అను శబ్దమునకు కంపించువాడని యర్థము. దైవవాక్యమునకు గడగడలాడుడని ఫాక్సు చెప్పగా, 1650లో డర్బీయందొక న్యాయాధికారి హేళనగా పెట్టిన పేరిది. వారు తమ్ము తాము ‘మిత్రులు’ అని చెప్పుకొందురు. ఇట్లు పేరునందే రెండు దృష్టులు గలవు. ఒక పత్రమునందు ‘క్వేకరు’ అని యున్నచో వ్రాసినవాడు పరపక్షమువాడు కావచ్చును. ‘మిత్రుడు’ అని యున్నచో స్వపక్షమువాడు కావచ్చును. ఎవరు వ్రాసిన పత్రమో తేల్చుకొనుట పరిశోధనమున తొలిమెట్టు.

ఈ మతస్థులు వ్యాకరణమునకై దెబ్బలు తినినవారని చెప్పిన పాఠకులు నవ్వుదురేమో. కాని యది నిజము. నాటి యాంగ్లభాషలో సమానులను, అధములను ఏకవచనముతోను, అధికులను బహువచనముతోను సంబోధించుట మర్యాదగా నుండెను. ఒక్కని యెదుట బహువచనము పలుకుట యసత్యమనియు, దురభిమానమును పోషించుటయనియు నెంచి క్వేకరులు న్యాయాధిపతిని, ప్రభువును, పాలేరును సమముగా ‘నీవు’ అనిరి. ఈ ప్రయోగమును సమర్థించుచు ననేకభాషల వచనభేదములను చూపించి, ఫాక్సును ఆతని సహచరులు జాన్ స్టబ్సు, బెంజమిన్ ఫర్లీలును 1660లో నొక గ్రంథమే ప్రకటించిరి. గురువు నుద్దేశించినప్పుడు యుష్మచ్ఛబ్దమునకు బహువచనము చెల్లునని కొందఱి మతముగా పాణినీయ వ్యాఖ్యాతలు చెప్పియున్నారు. మన ప్రాచీనకావ్యములందన్ననో రాజునైనను ‘నీవు’ అనుట దోషము గాదు. మర్యాద భాషాస్వభావము గాదు, లోకవ్యవహారము. పరిశోధకున కిందువలన నుపయోగ మేమనగా, ఊరు పేరులేని యొక పాతలేఖయందు అధికారిని ఏకవచనముతో సంబోధించుట కనబడినచో క్వేకరుల వ్రాత యేమోయని యూహింపవచ్చును. అయినను ఉత్తరదేశపు మాండలికమున ఏకవచనము జనసామాన్యమునందును నిలిచియుండెను గావున నీ యొక్క లక్షణముచేతనే నిశ్చయింపరాదు.

ఇంతకంటె ముఖ్యమైనది మాసనామముల సంగతి. వారములకును మాసములకును గల పేళ్లలో పెక్కులు అన్యదేవతల పేళ్లగుటచేత క్వేకరులు వానిని విడిచిరి. ఆదివారమును ‘మొదటి దినము’ అనియు, మాసములను ‘మొదటి మాసము’, ‘రెండవ మాసము’ అనియు వ్యవహరించిరి. ఇంగ్లండునందు 1752కు పూర్వము సంవత్సరాది మార్చి 25వ తేది. మార్చియే మొదటి మాసము, ఏప్రిలు రెండవది, జనవరి పదునొకండవది, ఫిబ్రవరి పండ్రెండవది. 1752 మొదలు జనవరి 1వ తేది సంవత్సరాది యయ్యెను. జనవరియే మొదటి మాస మయ్యెను. ఒక్క ‘మొదటి మాసము’ అను శబ్దమే యా సంవత్సరమునకు ముందు మార్చిని, పిదప జనవరిని బోధించును. మఱియొక విశేషము: సెప్టెంబరు, అక్టోబరు, నవంబరు, డిసెంబరు అను పేళ్లు లాటిన్ సంఖ్యావాచకములనుండి పుట్టినవి, మన సప్త, అష్ట, నవ, దశ శబ్దములకు తోబుట్టువులు. పాతలెక్కలో నవి యేడవ, ఎనిమిదవ, తొమ్మిదవ, పదవ మాసములే గావున యర్థము సరిపోయెను. అందుచే వానిని క్వేకరులును కొన్నియెడల వాడిరి. 1752 తరువాత ఏడు అని యర్థమిచ్చు పేరు తొమ్మిదవ మాసమునకు తగులుకొనెను.

ఫాక్సు మరణదినమునే చూడుడు. క్వేకరుల లెక్కచొప్పున అది 1690వ సంవత్సరము పదునొకండవ మాసము 13వ దినము. తెలియనివాడు దీనిని 1690 నవంబరు 13 అని వ్రాయును. సగము తెలిసినవాడు 1690 జనవరి 13 అని వ్రాసి యాతని నొక సంవత్సరము ముందుగా చంపును. సంవత్సరాది జనవరియందే యని నేడు మనము లెక్కించు రీతిని అది 1691 జనవరి 13.

సగము తెలివివలని కీడు ఇంతకంటెను పెద్దది కావచ్చును. ఒక కల్పితదృష్టాంతము చెప్పెదను. ఒక స్త్రీకి 1680 రెండవ మాసమున వివాహమైనదనియు, 1680 పదునొకండవ మాసమున శిశువు పుట్టినదనియు పత్రమున నున్నదనుకొందము. అనగా ఏప్రిలు 1680లో వివాహము, జనవరి 1681లో ప్రసవము. నడుమ తొమ్మిది నెలలు. మాసమును సవరించి సంవత్సరమును సవరింపనివాడు జనవరి 1680లో ప్రసవము, ఏప్రిలు 1680లో వివాహము అని పట్టిక వ్రాయును. మూడువందల యేండ్ల క్రిందట శీలవతియై జీవించిన యొక తల్లికి ఆమె సంతతివాడే కళంకము నంటగట్టినవా డగును. మాఱుపలుకుటకు ఆమె లేదు. శాలివాహనశకమును క్రీస్తుశకమునకు మార్చునప్పుడు 78 కూడవలెనా, 79 కూడవలెనాయని పుష్యమాఘ మాసముల శాసనములను చదువు మనవారికిని ఇట్టి చిక్కే కలదు.

ఇక పత్రముల విషయము. క్వేకరులు బాప్తిస్మ మాచరింపరు. కావున గ్రామదేవాలయపు బాప్తిస్మ పట్టికలయందు వారి శిశువులను వెదకుట సామాన్యముగా వ్యర్థము. వారికి ప్రత్యేకముగా జనన వివాహ ఖనన పట్టికలు గలవు. స్థానికసభలు కొన్ని చేరి మాససభ, మాససభలు కొన్ని చేరి త్రైమాసికసభ, అన్నిటికి మీద లండనునందలి వార్షికసభ. ఇది పూర్వము వారి కట్టుబాటు. ఇందు మాససభయే పరిశోధకునకు కల్పవృక్షము. వివాహమాడదలచిన వధూవరులు తమ సంకల్పమును మాససభయందు తెలుపవలసియుండెను. వారికి వేఱొక వివాహబంధము గాని వాగ్దానము గాని లేదని సభవారు విచారించుచుండిరి. వివాహదినమున హాజరైనవారందఱును ధ్రువపత్రముమీద చేవ్రాలు చేయుదురు. బంధువులు వధూవరుల పేళ్ల క్రింద ప్రత్యేకముగా చేయుట సామాన్యము. ఒక్క కాగితమున రెండు కుటుంబములును వాటి యిరుగుపొరుగును కానవచ్చును. 1753లో నితరుల వివాహములన్నియు దేవాలయమునందే జరుగవలెనని చట్టము వచ్చినప్పుడు క్వేకరులకును యూదులకును మినహాయింపు కలిగెను.

1837లో ప్రభుత్వపు జనన మరణ నమోదు మొదలయ్యెను. 1840 నాటి చట్టమువలన క్వేకరులు తమ పాతపట్టికలను ప్రభుత్వమునకు స్వాధీనము చేసిరి. అవి నేడు లండను చెంత క్యూ యందలి జాతీయ పత్రభాండాగారమున నున్నవి. ఒప్పగించుటకు ముందు వానికి అక్షరక్రమమున సంగ్రహములు వ్రాసికొనిరి. సంగ్రహము త్వరగా వెదకుటకు మేలు. కాని వివాహసాక్షుల పేళ్లు దానిలో నుండవు. కావున సంగ్రహమును చూచి మూలమును విడుచువాడు, పదసూచికను చదివి కావ్యమును చదివితి ననువానివంటివాడు. ఒక కుటుంబము వేఱొక సభాప్రాంతమునకు తరలునప్పుడు యోగ్యతాపత్రము తీసికొనిపోవును. 1681లో విలియం పెన్నునకు రాజు దానమిచ్చిన పెన్సిల్వేనియాకు వలసపోయినవారి సంతతివారు తమ పూర్వుల గ్రామమును తెలిసికొనుట కిట్టి పత్రములు త్రోవచూపును.

పేదవారి జాడయు నిందు లభించును. మార్గరెట్టు కుమార్తె సారా ఫెల్ 1673 మొదలు 1678 వఱకు స్వార్త్‌మూర్ గృహమున వ్రాసిన జమాఖర్చుల పుస్తకము 1920లో ముద్రింపబడినది. కూలికి వచ్చినవారి పేళ్లును, వారికిచ్చిన పైకమును అందు కలవు. ఏ వంశావళికి నెక్కని మనుష్యులు జమాఖర్చునందు బ్రదికియున్నారు.

వీనికంటె హృదయమును కదలించునవి ‘బాధల పుస్తకములు’. క్వేకరులు న్యాయస్థానమున ఒట్టుపెట్టుకొనరు; నాడు దేవాలయమునకు దశమభాగము చెల్లింపకుండిరి. అందులకై వారిని చెఱసాలల నుంచిరి. పశువులను, ధాన్యమును, పాత్రలను జప్తుచేసిరి. ఎవరివద్ద, ఏ యూర, ఏ వస్తువు, ఎంత వెలగలది కొనిపోయిరో వారు శ్రద్ధతో వ్రాసి లండనునకు పంపిరి. 1650 మొదలు 1856 వఱకు నడచిన యా మహాసంపుటములు నలువదినాలుగు. లండనునందలి మిత్రసమాజ గ్రంథాలయమున నున్నవి. 1650 మొదలు 1689 వఱకు జరిగిన బాధలను జోసెఫ్ బెస్సీ కౌంటీలవారిగా కూర్చి 1753లో రెండు సంపుటములుగా ప్రకటించెను. 1689 నాటి సహనచట్టముచే వారి యారాధనకు శిక్ష తొలగెను గాని దశమభాగపు జప్తులు తొలగలేదు. ఒక్క సంగతినే బాధితుని పుస్తకమును న్యాయస్థానపు పత్రమును రెండును చెప్పునప్పుడు వానిని సరిపోల్చవలయును. ఉభయపక్షముల వారును అంగీకరించిన యంశము గట్టిప్రమాణము.

పత్రములు మాటలాడనిచోటులును గలవు. సమాధులపై శిలలు నిలుపుట యాడంబరమని 1717లో వార్షికసభవారు నిషేధించిరి. 1850లో సాదా శిలలకు మాత్ర మనుమతించిరి. పాత క్వేకరు శ్మశానమున పేరులేకున్న నచ్చట నెవరును లేరని తలపరాదు. మతేతరుని దేవాలయమున వివాహమాడినవారిని సభవారు బహిష్కరించుచుండిరి. ఈ కాఠిన్యము 1860 ప్రాంతమువఱకు సాగెను. అట్టివారిని గూర్చి మాససభ వ్రాసిన కడపటి వాక్యము నిందావాక్యమే. పిమ్మట వారి జాడ గ్రామదేవాలయపు పట్టికలయందు వెదకవలయును. ఒక కన్య తాను కోరినవానిని వరించినదనుటయే యా నిందకు సారాంశము కావచ్చును. దానిని ఆమె శీలవర్ణనముగా గ్రహించుట పరిశోధకునకు తగదు.

మన దేశమునను గ్రామ కైఫీయతులు, దానపత్రములు, శాసనములు చదివి వంశావళులను కూర్చు పండితులు పెక్కురు గలరు. వారు తేదిని మార్చి వ్రాయునప్పుడు మూలమున నున్న తేదిని గూడ, ఉన్నదున్నట్లు, ప్రక్కనే వ్రాయుదురు గాక. మన లెక్క తప్పినచో తరువాతివాడు దిద్దుకొనును. మూలమును మఱుగుపఱచి మన యర్థమును మాత్రమే మిగిల్చినచో దిద్దువాడు లేడు. చనిపోయినవారికి న్యాయము చేయువాడును లేడు.