ఇంట మాంసము కోయుటకు కరెంటు కత్తి కొనవచ్చునా?

అమెరికాలోను, ఆస్ట్రేలియాలోను ఉద్యోగములు చేయు బిడ్డలు సెలవులకు వచ్చునపుడు తల్లులకు దెచ్చు కానుకలలో నిప్పుడు కరెంటు కత్తి యొకటి కానవచ్చుచున్నది. మా యూర నొక యింటికి వచ్చినదని విని యిరుగుపొరుగు స్త్రీలమందఱము పోయి చూచితిమి. పెట్టెమీది బొమ్మలో నొక దొరసాని చిఱునవ్వుతో మాంసమును తమలపాకంత పలుచగా గోయుచున్నది. చూచినవారిలో సగముమంది తమకును ఒకటి కావలెననిరి. నగరములలోని దుకాణములందును ఇవి దొరకుచున్నవి గనుక, డబ్బు చెల్లింపకముందే మన మాలోచింపవలసిన సంగతులు కొన్ని కలవు.

ఆ కత్తి పిడిలో చిన్న మోటారుండును. దానికి రంపపు పండ్లుగల రెండు బ్లేడులు ప్రక్కప్రక్కన నమరియుండును. ఒకటి ముందుకు సాగునపుడు రెండవది వెనుకకు వచ్చును. కావున చేతిని ముందుకు వెనుకకు ఆడింపనక్కఱలేదు. పదార్థముపై నానించి మెల్లగా దింపినచో నదియే కోసికొనిపోవును. 1960వ దశకమున నీ వస్తువు అమెరికాలో ప్రచారమునకు వచ్చినది. అచ్చట నవంబరు నెల నాలుగవ గురువారమున కృతజ్ఞతాదినమను పండుగ చేసికొందురు. ఆనాడు టర్కీ కోడిని ముక్కలు చేయకయే పొయ్యిలో గాల్చి, బల్లమీద నుంచి, అందఱి యెదుటను కోసి వడ్డింతురు. ఆ పనికి బుట్టిన కత్తి యిది. కాలిన మాంసము మెత్తబడి విడిపోవుచుండును గనుక, సాధారణపు కత్తితో నొత్తిన చిదికిపోవును. ఇది చిదుపక పొరలుపొరలుగా కోయును. రొట్టెను కోయుటకును బాగుగా నుండును. పఱుపుల దుకాణములవారు స్పంజిని కోయుటకు సైతము దీనిని వాడుదురు.

మన వంట త్రోవ వేఱు. మనము మాంసమును వండిన పిదప కోయము. కోసిన పిదప వండుదుము. అదియును ఎముకతో గూడ కోయింతుము. తొడలోని మూలుగ యెముక పులుసులో దిగనిదే రాగిసంగటికి రుచి యెక్కడిది? ఈ కరెంటు కత్తి యెముకను కోయజాలదు. ఎముకకు దగిలించినయెడల పండ్లు విఱుగును, మోటారు వేడెక్కును. గడ్డకట్టించిన మాంసమునకును ఇది తగదని దాని వెంట వచ్చు కాగితములోనే వ్రాసియుందురు. ఎముక దీసిన కండను మాత్ర మది కోయగలదు. అనగా మన యింట మాంసమునకు సంబంధించిన పనిలో ముప్పాతిక భాగ మంగడిలో కటికవాని మొద్దుమీదనే జరిగిపోవుచుండగా, మిగిలిన పాతికకై యింత యంత్రమును దెచ్చుకొనవలెనన్నమాట.

పాతికయని తేలికగా దలపరాదు. ఆ కొంచెము కోతలోనే యింటిస్త్రీ భాగ్యము కొంత యిమిడియున్నది. మా అనంతపురపు మెట్ట పడమటి కనుమల చాటున వర్షచ్ఛాయలో బడియున్నది. ఏడాది మొత్తమున సగటున 550 మిల్లీమీటర్లో, అంతకు గొంచె మెక్కువయో తప్ప వాన గుఱియదు. వేరుసెనగ పంట చేతికి వచ్చిన యేట మాంసము నెలకు రెండుమాఱులు. రానియేట పండుగకో, జాతరకో. కిలో మాంసము దెచ్చినచో నెనమండుగురు తినవలెను. మగవారికిని, పిల్లలకును, అత్తమామలకును వడ్డించిన పిదప గిన్నె యడుగున నేమి మిగులునో యదియే వడ్డించిన యామె పాలు. కిలో మాంసము పదునాఱు పెద్ద ముక్కలై వచ్చినచో తలకు రెండు. ఎవ్వరైన మఱియొకటి యడిగిరా, ఆమె విస్తరిలో పులుసే. అదే మాంసమును నలువది ముక్కలుగా గోసినచో తలకైదు. అడిగిన వారికి రెండు మాఱులు వడ్డించినను ఆమెకు మూడు మిగులును. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశమున 15 మొదలు 49 ఏండ్ల లోపు స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత యున్నదని తేలినది. మాంసములోను, విశేషించి కార్జములోను ఉండు ఇనుము కూరాకులలోని యినుముకంటె త్వరగా నొంటబట్టునని వైద్యులు చెప్పుదురు. కార్జమును వేపి పిల్లల కంతయు బెట్టి తాను గిన్నె నాకు తల్లులను మే మెఱుగుదుము. కోయునపుడే లెక్కవేసి, తన పాలును ఆ లెక్కలో జేర్చుకొనుట స్వార్థము కాదు. కాబట్టి చిన్నముక్కలు తెగునట్టి కత్తి యింట నుండవలెను. అది కరెంటుదైననేమి, కమ్మరిదైననేమి?

కోత యందలి నేర్పు నెఱిగిన పెద్దలు దానిని నీచపు పనిగా జూడలేదు. వ్యాసభారతమున దమయంతి, బాహుకుడు వండిన మాంసమును కేశినిచే దెప్పించి రుచి చూచియే వాడు నలుడని గుఱుతించినది. ఆరణ్యపర్వమున కౌశికుడను బ్రాహ్మణుడు ధర్మము నేర్చుకొనుటకు మిథిలలో మాంసమమ్ము ధర్మవ్యాధునికడకు బోయెను. అతని నట్లు పంపినది యొక యిల్లాలు. (ఈ కథను పురాణములో విన్నవారికి వ్యాధుడే జ్ఞప్తియందుండును గాని యిల్లాలు జ్ఞప్తియందుండదు.) చీనాదేశమున చువాంగ్‌జి యను ప్రాచీనగ్రంథములో నొక వంటవాని కథ కలదు. సామాన్యుడు నఱకును గనుక నెలకొక కత్తి మార్చును. నేర్పరి కోయును గనుక నేడాదికొకటి మార్చును. ఈతడు కీళ్ల సందులలోనే కత్తిని నడుపును గనుక పందొమ్మిది యేండ్లయినను అతని కత్తికి పదును చెడలేదట. మా యంగడివాడును ఇట్టివాడే. “అక్కా, పులుసుకా, ఏపుడుకా?” యని యడుగనిదే కత్తి యెత్తడు. జబ్బను కీలు దగ్గఱ విప్పుటకు వానికి రెండు నిమిషములు పట్టదు. ఎముకను నఱుకునపుడు నొక్క దెబ్బకే తెగగొట్టును. రెండు మూడు దెబ్బలు పడినచో నెముక పొడియై పులుసులో పిల్లల గొంతుకకు గ్రుచ్చుకొను రవ్వలు దిగును. వానికి మనము చెప్పవలసినది చెప్పి, ముక్క పరిమాణమును చూపి కోయించుకొనుట యే యంత్రముకంటెను లాభము.

ఇక కరెంటు సంగతి. మన యిండ్లలోని కరెంటు 230 వోల్టులు. అమెరికాలో 120 వోల్టులు. అచ్చటికై చేసిన కత్తి నిచ్చట ప్లగ్గు మార్చి పెట్టినంతమాత్రమున బనిచేయదు. పైని జెప్పిన యింటివారు అట్లే చేసిరి. ఒక్క నిమిషములో పొగ వచ్చి, మాడిన వాసన వేసి, కత్తి శాశ్వతముగా నిద్రించినది. కావున పిడిమీద వ్రాసిన వోల్టులను మొదట జదువవలెను. 220 మొదలు 240 వఱకు అని యున్నచో మనకు బనికివచ్చును. 110 లేక 120 యని యున్నచో తగిన ట్రాన్స్‌ఫార్మరు లేక ముట్టరాదు. పరదేశమున నున్న బిడ్డలు “అమ్మా, ఏమి తేవలె”నని యడిగినపుడు మంచి సానరాయి నొకదానిని తెమ్మనుడు. దానికి వోల్టులతో బనిలేదు.

అయినను కరెంటు కత్తి యెవ్వరికిని వలదని మే మనము. వ్రేళ్ల కీళ్లు వాచి, కత్తి బిగించి పట్టలేని పెద్దవారికిది నిజముగా సాయపడును. ఏలయన నొత్తవలసిన బలమును యంత్రమే యిచ్చును. రొట్టెలు, కేకులు ఇంట జేసి యమ్ముకొను స్త్రీలకును ఉపయోగమే. అట్టివారు కొనునపుడు దుకాణములో చేతబట్టి చూడవలెను. మోటారంతయు పిడిలోనే యుండును గనుక కొన్ని మిక్కిలి బరువుగా నుండును. మణికట్టు నొప్పిగలవారి కది వేఱొక బాధ. మీట నొక్కిపట్టినంతసేపే తిరిగి, వేలు తీయగనే యాగిపోవునది మంచిది. బ్లేడులు సులభముగా నూడివచ్చి విడిగా గడుగుకొనుటకు వీలుండవలెను. పిడిని నీటిలో ముంచరాదు. ప్లగ్గు దీయనిదే బ్లేడులను ముట్టరాదని యింట నందఱికిని చెప్పవలెను. అరిగిన బ్లేడులు మరల దొరకునా యని యడుగవలెను. ఆ రంపపు పండ్లకు వీధిలో సానపట్టువాడు పదును పెట్టలేడు. బ్లేడులు దొరకనినాడు కత్తియంతయు నటుకమీది సామానే.

మా యింట నున్నది కమ్మరి చేసినది. లారీల క్రింద నుండు కమాను పట్టీని కాల్చి, సాగగొట్టి, పదును పెట్టి యిచ్చినాడు. తెలుగువారికి ఉక్కు క్రొత్తగాదు. నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రము ఉక్కుకై పారసీక దేశపు వర్తకులు పూర్వ మంతదూరమునుండి వచ్చుచుండిరి. ఆ యుక్కు డమాస్కసు కత్తులకు బేరువడసినది. అంగడిలో మెఱయు స్టెయిన్‌లెస్ ఉక్కు 1913లో ఇంగ్లండునందలి షెఫీల్డులో వెలువడినది. క్రోమియము కలిసియుండుటచే నది త్రుప్పు పట్టదు. చింతపండు, నిమ్మరసము తగిలినను నల్లబడదు. కాని తక్కువ వెలకు వచ్చు రకములకు పదును నిలువదు. కమ్మరి కత్తికి పదును నిలుచును, రాతిపై నాలుగు మాఱులు రాచిన మరల వచ్చును. అయితే తడి యుండగా వదలిన రాత్రికి రాత్రియే త్రుప్పు పట్టును. కడిగిన వెంటనే తుడిచి కొబ్బరినూనె చుక్క రాచినచో జాలును. సోమరితనము గల యింటికి స్టెయిన్‌లెస్సే మేలని మా యభిప్రాయము. ఎద్ది కొనినను మొండికత్తిని మాత్ర ముంచుకొనవలదు. పదును లేని కత్తిని బలముగా నొత్తుదుము. అది జాఱి వ్రేలిమీదికి వచ్చును.

కూర్చుండి కోయు నలవాటున్నవారికి కత్తిపీటకు మించినది లేదు. పీటను కాలితో నొక్కిపట్టుదుము గనుక రెండు చేతులును మాంసమును పట్టుకొనుటకు దొరకును, కండ జాఱిపోదు. మోకాళ్ల నొప్పులవారికి మాత్రము బల్లమీది కత్తియే గతి. పసిపిల్లలున్న యింట పని కాగానే పీటను మడిచియో, గోడవైపు త్రిప్పియో యుంచవలెను.

కఱవు మొదలైనపుడు మేత లేక కాపరులు గొఱ్ఱెలను వచ్చిన వెలకు అమ్ముకొందురు. అప్పుడు నాలుగిండ్లవారు గలిసి యొక పొట్టేలును కొని పాళ్లు వేసికొని, తినగా మిగిలిన కండను ఎండబెట్టుకొనుట మా సీమలో నున్నదే. ఆ పనిలోనే కత్తి పరీక్ష తెలియును. కండను దాని నారల వెంట పొడుగుగా, చిటికెనవ్రేలికంటె సన్నముగా చీల్చి, ఉప్పు పసుపు పట్టించి త్రాటిమీద వ్రేలాడగట్టుదురు. లావుగా చీల్చినచో పైన నెండి లోపల కుళ్లును. పాడైన మాంసము రుచితో బోదు, ప్రాణము మీదికి దెచ్చును. నాడు వండుకొనునట్టి మాంసమునైనచో నారలకు నడ్డముగా గోయవలెను. నార పొట్టిదైనకొలది ముక్క త్వరగా నుడుకును, పండ్లు లేని ముసలివారికిని నమలుటకు వీలగును. ముదురు గొఱ్ఱె మాంసమునకు ఈ యడ్డకోతతో నొక గంట కట్టెలు మిగులునని మా యత్తగారు చెప్పుదురు. ఇప్పుడు కుక్కరులో నైనను రెండు మూడు కూతలు తగ్గుచున్నవి.

కోయు పలకను గూడ నొక మాట. కటికవారు చింతమొద్దును వాడుట యూరకగాదు. ఆ కొయ్య గట్టిది, పొట్టు లేవదు. ఇంటికిని చింతపలకయే మంచిది. గాజు పలకమీదను, నాపరాతిమీదను కోసినచో కత్తి మొన యొక్కనాటిలో జచ్చును. పచ్చిమాంసము కోసిన పలకమీద ఉల్లిగడ్డలను, కొత్తిమీరను కోయరాదు. వానికి వేఱొకటి యుండవలెను. పని ముగిసిన పిదప ఉప్పుతో రుద్ది, కాగిన నీళ్లు పోసి, నిలువుగా నానించి యెండలో బెట్టవలెను. అనంతపురము జిల్లాలో నెండకు మాత్రము కొఱత లేదు గదా!