సహనం వహించమంటే సరిపోతుందా?

మనిషి జీవితం ఎప్పుడూ ఒకే తీరుగా సాగదు. పెళ్లి, కాన్పు, పిల్లల చదువులు, ఉద్యోగం పోవడం, పరదేశం వెళ్లడం, తిరిగి రావడం, తోడును కోల్పోవడం... ఇలాంటి మలుపుల వద్ద ఎంతటి ధైర్యవంతుడైనా తడబడతాడు. అటువంటి వేళ కష్టం చెప్పుకోవడానికి వచ్చినవారికి మనం సాధారణంగా చెప్పే మాట ఒక్కటే: "సబ్ర్ చేయండి, అల్లాహ్ అంతా చూస్తాడు." మాట మంచిదే. అయితే ఆ మాట చెప్పి చేతులు దులుపుకుంటున్నామా అన్నది ఆలోచించవలసిన విషయం. ఈ ప్రశ్న మేము ఇతరులను అడగడం లేదు. ముందుగా మమ్మల్ని మేమే వేసుకుంటున్నాము.

కువైట్ నుండి వచ్చిన తండ్రి

కడప, రాయచోటి ప్రాంతాల నుండి ఎందరో బతుకుదెరువు కోసం కువైట్ వెళ్లడం తెలిసిందే. అలా పదిహేడేళ్లు అక్కడ డ్రైవరుగా పనిచేసి, ఇక చాలనుకుని 2023లో ఇంటికి తిరిగివచ్చిన ఒక పెద్దమనిషి జుమా నమాజు తరువాత మా వద్దకు వచ్చారు.

"హజ్రత్, మావాడు నాతో మాట్లాడడు. నేను గదిలోకి వస్తే లేచి వెళ్లిపోతాడు. ఇంటర్ తప్పాడు. రాత్రిళ్లు నిద్రపోడు. మీరొకసారి నాలుగు మాటలు చెప్పండి" అన్నారు.

ఆయనకు రెండేళ్లకోసారి రెండు నెలల సెలవు దొరికేది. లెక్క వేస్తే ఆ పదిహేడేళ్ల పిల్లవాడు తండ్రి పక్కన గడిపినది పదహారు నెలలు. ఫోనులో కనిపించే అబ్బా వేరు, ఇంట్లో కూర్చుని లేచింది మొదలు మార్కుల గురించి అడిగే అబ్బా వేరు. మేము ఆ లెక్క అప్పుడు వేయలేదు. అబ్బాయిని పిలిపించి తల్లిదండ్రుల హక్కుల గురించి అరగంట బోధించాము. అతను తలవంచుకుని విన్నాడు. మేము అతణ్ణి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. తండ్రికి సబ్ర్ చేయమని చెప్పి పంపాము.

పది రోజుల తరువాత ఒక రాత్రి ఆ అబ్బాయి అక్కతో, "ఆపా, నేను లేకపోతే ఇంట్లో అందరికీ బాగుంటుంది" అన్నాడట. డిగ్రీ చదువుతున్న ఆ అమ్మాయి ఆ మాటను తేలికగా తీసుకోలేదు. కళాశాల నోటీసు బోర్డు మీద చూసిన 14416 నంబరుకు ఫోన్ చేసింది. అవతల తెలుగులో మాట్లాడిన కౌన్సెలర్, అబ్బాయి ఇప్పుడు ఒంటరిగా ఉన్నాడా అని మొదట అడిగింది. పురుగుమందు, మాత్రలు వంటివి అందకుండా తీసేయమని, రాత్రంతా ఒకరు పక్కనే ఉండమని చెప్పింది. తరువాత అబ్బాయితోనే మాట్లాడింది. ఉపదేశం చేయలేదు. అడిగింది, విన్నది. చనిపోవాలన్న ఆలోచన వస్తోందా అని సూటిగానే అడిగింది. అలా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామని మనలో చాలామంది భయపడతారు. అది అపోహ అని, అడిగితే మనసు బరువు తగ్గుతుందని మానసిక వైద్యులు చెబుతున్నారు.

మరునాడు వారి సలహా మేరకు ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్యుణ్ణి కలిశారు. తండ్రికి కూడా ఫోనులోనే సలహా అందింది: కొంతకాలం మార్కుల ప్రసక్తి ఎత్తవద్దు, సాయంత్రం కాసేపు కొడుకుతో కలిసి బయటికి వెళ్లండి, అతను మాట్లాడకపోయినా సరే.

ఆ ఇంట్లో అన్నీ చక్కబడ్డాయని మేము చెప్పము. కాని ఇప్పుడు తండ్రీకొడుకులు ఒకే స్కూటరు మీద మసీదుకు వస్తున్నారు. ఒక్కోసారి వాదులాడుకుంటూ వస్తారు. మౌనం కంటే ఆ వాదులాటే మేలని మాకు తోస్తున్నది.

ఏమిటీ సేవ?

ఆ అమ్మాయి ఫోన్ చేసినది 'టెలి మానస్' అనే ప్రభుత్వ సేవకు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినం నాడు దీనిని ప్రారంభించింది. బెంగళూరులోని నిమ్హాన్స్ సంస్థ దీనికి ప్రధాన కేంద్రం. రాత్రింబవళ్లు పనిచేస్తుంది, రుసుము లేదు. దేశవ్యాప్తంగా 20 భాషలలో సేవ అందుతున్నది, తెలుగు అందులో ఒకటి. మొదట శిక్షణ పొందిన కౌన్సెలర్ మాట్లాడతారు. అవసరమైతే మానసిక వైద్యులకు అప్పగిస్తారు. 2024 అక్టోబరులో దీనికి మొబైల్ యాప్ కూడా వచ్చింది.

తన కోసమే కాదు, బిడ్డ కోసం తల్లి, తల్లి కోసం బిడ్డ కూడా ఫోన్ చేయవచ్చు. కాన్పు తరువాత కారణం తెలియకుండా ఏడ్చే కోడలు, ఉద్యోగం పోయిన సంగతి ఇంట్లో చెప్పలేని భర్త, తలాఖ్ తరువాత పుట్టింటికి చేరిన బిడ్డ, అందరికీ ఈ ద్వారం తెరిచే ఉంది. భర్తను కోల్పోయి నాలుగు నెలల పది రోజుల ఇద్దత్‌లో ఉన్న స్త్రీ గడప దాటకుండానే తన బాధ చెప్పుకోవచ్చు.

"నలుగురికీ తెలిస్తే?" అన్న భయం సహజం. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగి వివరాలను గోప్యంగా ఉంచడాన్ని హక్కుగా గుర్తించింది. ప్రాణాపాయం వంటి కొన్ని సందర్భాలలో దీనికి మినహాయింపు ఉంది.

ఇది విశ్వాస లోపమా?

"ఈమాన్ ఉన్నవానికి కౌన్సెలింగ్ ఎందుకు?" అని అడిగేవారున్నారు. మొదటి దైవవాణి అవతరించిన వేళ దైవప్రవక్త (స) వణుకుతూ ఇంటికి వచ్చారు. హజ్రత్ ఖదీజా (రజి) వారికి దుప్పటి కప్పారు. వారు చెప్పినది విన్నారు. వారి సుగుణాలను గుర్తుచేసి ధైర్యం చెప్పారు. అంతటితో ఆగక, గ్రంథ జ్ఞానం గల తమ బంధువు వరఖా బిన్ నౌఫల్ వద్దకు తీసుకువెళ్లారు. వినడం, ఓదార్చడం, తెలిసినవారి వద్దకు తీసుకువెళ్లడం: ఇందులో మూడు పనులున్నాయి. ఆ పిల్లవాని విషయంలో మేము ఒక్కటీ చేయలేదు. బోధించాము, అంతే.

మన పెద్దలకు ఈ విషయం తెలియనిది కాదు. క్రీ.శ. 934లో మరణించిన అబూ జైద్ అల్ బల్ఖీ, శరీరానికి మాదిరే మనసుకూ జబ్బులుంటాయని, రెంటినీ కలిపి చూడాలని ఒక గ్రంథమే రాశారు. 1284లో కైరోలో సుల్తాన్ ఖలావూన్ నెలకొల్పిన ఆసుపత్రిలో మానసిక రోగులకు ప్రత్యేక విభాగం ఉండేది. అటువంటి వారసత్వం గల మనం నేడు 'పిచ్చి' అన్న ఒక్క ముద్రకు భయపడి పిల్లలను గదులలో దాచడం, తాయెత్తులకు వేలు పోయడం ఎంతవరకు సబబు?

జాగ్రత్త కూడా అవసరమే. నేడు ఫోనులోనే కౌన్సెలింగ్ ఇస్తామని డబ్బు తీసుకునేవారు చాలామంది ఉన్నారు. మనోవైద్యుడైతే వైద్య మండలిలోను, క్లినికల్ సైకాలజిస్టు అయితే భారత పునరావాస మండలిలోను నమోదై ఉండాలి. ఆ నమోదు సంఖ్య అడగడానికి మొహమాటపడకండి. ప్రాణం మీదకు వచ్చినప్పుడు మాత్రం ఫోను సలహాతో ఆగక 108కి ఫోన్ చేయండి, లేదా నేరుగా ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

మసీదు కమిటీల పెద్దలకు, మదరసా ఉపాధ్యాయులకు మా విన్నపం ఒక్కటే. నమాజు వేళల బోర్డు పక్కన 14416 కూడా రాయించండి. కష్టంతో ఎవరైనా మీ వద్దకు వస్తే సబ్ర్ గురించి తప్పక చెప్పండి. కాని దానికి ముందు ఒక్క ప్రశ్న అడగండి: "ఏమైంది బేటా?" అడిగి, జవాబు పూర్తయ్యేదాకా వినండి.