ఒకే మొక్క, రెండు సీసాలు

కలకత్తా నగరానికి తూర్పున, ఒకనాటి రాజార్‌హాట్ పంటపొలాల మీద వెలసిన న్యూ టౌన్‌లో 2011 నుండి టాటా మెడికల్ సెంటర్ అనే క్యాన్సర్ వైద్యశాల నడుస్తున్నది. తూర్పు రాష్ట్రాల నుండే కాక బంగ్లాదేశ్ నుండి సైతం రోగులు అక్కడికి వస్తారు. అటువంటి వైద్యశాలల మందుల గదులలో పక్కపక్కన ఉండరాని సీసాలు రెండున్నాయి. ఒకటి విన్‌క్రిస్టీన్, రెండవది విన్‌బ్లాస్టీన్.

రెండింటి పుట్టిల్లు ఒక్కటే: మన పెరళ్ళలో ఎవరూ నీరు పోయకపోయినా పూచే బిళ్ళగన్నేరు. రెండూ రక్తనాళంలోకి ఎక్కించే మందులే. తెలుగులో వ్రాస్తే పేర్లలో తేడా నడుమనున్న ఒక్క అక్షరం! కాని మోతాదు మాట వేరు. విన్‌క్రిస్టీన్‌ను సాధారణంగా ఒక్కసారికి 2 మిల్లీగ్రాములు దాటనీయరు. విన్‌బ్లాస్టీన్ కొన్ని చికిత్సలలో 10 మిల్లీగ్రాముల దాకా పోతుంది. చీటీలో ఆ 10ని చూచి, పొరపాటున మొదటి సీసాను అందుకుంటే నాడీమండలం దెబ్బతింటుంది. నయం కాదగిన రోగి ప్రాణమే పోవచ్చు. దానికి విరుగుడు మందు లేదు.

ఇది చదువురానివారు చేసే తప్పు కాదు. కన్ను ప్రతి అక్షరాన్నీ కూడబలుక్కోదు. మొదలూ తుదీ చూచి తక్కినది ఊహించుకుంటుంది. అలవాటైన చేతికి ఆ ఊహ మరింత వేగం.

పేర్లలో భిన్నమైన భాగాన్ని పెద్ద అక్షరాలలో అచ్చువేయాలని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2001లో ఉత్పత్తిదారులకు సూచించింది. ఇంగ్లీషుకు అది సులువు. పెద్దా చిన్నా భేదంలేని మన లిపిలో బొద్దు అక్షరాలనో రంగునో ఆశ్రయించాలి. అదే సంవత్సరం ఫాల్సిగో, ఫాల్సిటాబ్ అనే మలేరియా మందుల పేర్ల తగవులో మన సుప్రీంకోర్టు, మందుల పేర్లకు తక్కిన సరుకులకన్న కఠినమైన పరీక్ష అవసరమన్నది. వైద్యులూ మందుల షాపువారూ సైతం పొరబడగలరని ఒప్పుకున్నది.

అక్షరక్రమంలో అమర్చిన అలమార చూడముచ్చటగా ఉంటుంది గాని, ఈ విషయంలో అదే శత్రువు. సీసాలను వేరువేరు అరలలో ఉంచాలి. చీటీలో మందు ఏ జబ్బుకో కూడా వ్రాయాలి. ఎక్కించేముందు ఇద్దరు సరిచూడాలి, అయితే, “ఇది విన్‌బ్లాస్టీనే కదా?” అని అడగరాదు. అడిగితే రెండవవారి కంటికీ అదే కనబడుతుంది. సీసాను మాటలేకుండా చేతికివ్వాలి. రోగి పేరు, మందు పేరు, మోతాదు రెండవవారు తామే పైకి చదవాలి.