విషపు మన్నుకు బూడిద మందా?

మా ఊరు బోరంచ. మంజీర ఒడ్డు, నల్లరేగడి భూములు. మా చిన్నమ్మను మాత్రం నక్కవాగు పక్క ఊరికి ఇచ్చారు. పటాన్‌చెరు కార్ఖానాల నీళ్ళను 1970ల నుంచి మోసి మంజీరలో కలిపిన వాగు అదే. ఆ గోడు 1990లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. చిన్నమ్మ పొలం ఏళ్ళుగా బీడు. నేను కెమిస్ట్రీ చదువుతున్నానని మొన్న దసరాకు ఆమె అడిగింది: "బిడ్డా, ఒకాయన లారీలకొద్దీ ఫ్యాక్టరీ బూడిద ఫుకట్‌గ దింపుతనంటున్నడు. కలిపితె మన్నుల విషం సచ్చిపోతదట, నిజమేనా?"

చావదు. సీసం, కాడ్మియం మూలకాలు, కాలవు, కుళ్ళవు. మనం చేయగలిగిందల్లా వాటిని నీటిలో కరగకుండా కట్టిపడేయటమే. కరగనిది వేరుకు అందదు, బావిలోకి దిగదు.

ఆ కట్టే పనికి ఫ్యాక్టరీల చెత్తే పనికిరావటం వింతగా తోచవచ్చు గాని, అది నిజమే. ఉక్కు కొలిమి స్లాగులో, అంటే మన కమ్మరి చిట్టెం వంటి దానిలో, సున్నం ఉంటుంది. అది మట్టిలో క్షారం పెంచితే సీసం, కాడ్మియం కరగని కార్బొనేట్లుగా, హైడ్రాక్సైడ్లుగా దిగిపోతాయి. చక్కెర మిల్లు ప్రెస్‌మడ్డులోని ఫాస్ఫరస్ సీసాన్ని ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. అల్యూమినా ఫ్యాక్టరీ ఎర్రబురదలోని ఇనుప ఆక్సైడుకు ఆర్సెనిక్ అంటుకుంటుంది.

చిక్కంతా ఇక్కడే ఉంది. ఆర్సెనిక్, ఆరు వేలెన్సీ క్రోమియం తక్కిన లోహాల వంటివి కావు. మట్టిలో ఇవి ఋణావేశంతో తిరుగుతాయి. క్షారం పెరిగితే కట్టుబడకపోగా విడివడతాయి. ఫాస్ఫేటు వేస్తే సీసం ఆగుతుంది, ఆర్సెనిక్ బయటికి వస్తుంది! జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ వారు 2001లో ప్రచురించిన పరిశీలనలో పటాన్‌చెరు మట్టిలో క్రోమియం, ఆర్సెనిక్ రెండూ అధికంగా కనిపించాయి. కనుక అక్కడ గుడ్డిగా బూడిద పోయటం వైద్యం కాదు. ఆరు వేలెన్సీ క్రోమియాన్ని ముందు మూడుకు దించాలి. దానికి ఫెర్రస్ సల్ఫేటు, అదే మన అన్నభేది, కావాలి. ఇనుప సామానును ఆమ్లంతో కడిగే చోట అదీ వ్యర్థంగానే మిగులుతుంది.

పైగా బూడిదలోనే కాస్త ఆర్సెనిక్, బోరాన్ ఉంటాయి. ఎర్రబురదలో సోడా ఎక్కువ, నేల చవుడెక్కుతుంది. అమెరికా వారి పద్ధతిలో పలుచని ఎసిటిక్ ఆమ్లంలో 18 గంటలు గిలకొట్టి, లీటరులోకి 5 మిల్లీగ్రాముల సీసం దిగితే అది ప్రమాదకర వ్యర్థమని తేలుస్తారు. అయితే ఆ పరీక్ష నెగ్గినంత మాత్రాన అన్నం మంచిదని కాదు సుమా!

చిన్నమ్మ పొలం మట్టి మా ల్యాబులో చూస్తే పీహెచ్ 8 దాటింది. రేగడిలో సున్నం ముందే ఉంది. ఇంకా సున్నం పోసి లాభమేమిటి? లోహాలు కొలిచే యంత్రం మాత్రం మా దగ్గర లేదు.

"మరి వరి వెయ్యొచ్చా?" అంది. అన్నిటికంటే వద్దన్నది అదే. మడిలో నీళ్ళు నిలిస్తే ఇనుము కరిగి, పట్టి ఉంచిన ఆర్సెనిక్‌ను వదిలేస్తుంది.

"అయితె లారీ ఆయనకు ఏం చెప్పాలె?"

"ముందుగాల మన మన్ను, ఆయన బూడిద రెండిటి పరీక్ష కాయితాలు తెమ్మను చిన్నమ్మా."

ఆయన మళ్ళీ రాలేదు. పొలం ఇంకా బీడుగానే ఉంది.