ఆరోగ్యశ్రీయా, సొంత డబ్బా? అపోహలు – వాస్తవాలు

అపోహ: ఆరోగ్యశ్రీ అంటే ప్రభుత్వాసుపత్రి వైద్యమే. కార్పొరేట్ గుమ్మం తొక్కాలంటే డబ్బుండాలి.

వాస్తవం: 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైన నాటి నుంచే ఈ పథకంలో ప్రైవేటు ఆసుపత్రులున్నాయి. ప్రభుత్వ సొమ్ము కార్పొరేట్ల పాలవుతోందన్నదే అసలు దీని మీద వచ్చిన పెద్ద విమర్శ! తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి కుటుంబానికి ఏటా 10 లక్షల రూపాయల దాకా వర్తిస్తోంది. ఆంధ్రప్రదేశ్‌లో ఇదిప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ.

అపోహ: ముందు డబ్బు కట్టి చేరిపోదాం, కార్డు సంగతి తర్వాత చూసుకోవచ్చు.

వాస్తవం: జనం బాగా నష్టపోయేది ఇక్కడే. అర్ధరాత్రి గుండెనొప్పితో మనిషిని తీసుకెళ్తారు. కౌంటర్లో "క్యాషా, ఆరోగ్యశ్రీయా?" అని అడుగుతారు. క్యాషంటే త్వరగా చూస్తారన్న ఆశతో తమ్ముడో బావమరిదో "క్యాషేనండీ" అనేస్తాడు. అంతే, కార్డు జేబులోనే ఉండిపోతుంది. ఈ పథకం నగదు రహితం. చికిత్సకు ముందే అనుమతి రావాలి. అత్యవసరమైతే ఫోన్లోనే అనుమతిచ్చే ఏర్పాటూ ఉంది. సొంతంగా కట్టేసిన బిల్లు పట్టుకెళ్తే పథకం కింద ఇవ్వరు. ఇక మిగిలేది ముఖ్యమంత్రి సహాయనిధి. దానికి ఎమ్మెల్యే ఆఫీసు చుట్టూ తిరిగినా, బిల్లు మొత్తం వస్తుందన్న హామీ లేదు.

అపోహ: కార్డుంటే ఏ జబ్బుకైనా పైసా అక్కర్లేదు.

వాస్తవం: జాబితాలో ఉన్న చికిత్సలకే. ఓపీ ఫీజులు, నెలనెలా కొనే బిళ్లల ఖర్చు చాలావరకు మనదే. బీపీ, షుగర్ మందులు పీహెచ్‌సీలో ఉచితంగా ఇస్తారు గానీ, నామోషీ పడి అటు వెళ్లనివాళ్లు మన చుట్టాల్లోనే కనిపిస్తారు.

అపోహ: ప్రైవేటు ఆరోగ్య బీమాకు ప్రీమియం కడుతున్నాం, ఇక నిశ్చింత.

వాస్తవం: ముందే ఉన్న జబ్బులకు 3 ఏళ్ల దాకా ఆగాల్సి రావచ్చు. అంతకంటే ఎవరూ చదవని మెలిక గది అద్దెది. పాలసీలో రోజుకు 4,000 రూపాయల పరిమితి ఉండగా, 8,000 గదిలో చేరారనుకోండి. అద్దెలో తేడా కట్టేస్తే సరిపోతుందనుకుంటాం. చాలా పాలసీల్లో డాక్టరు ఫీజు, థియేటర్ ఛార్జీలు కూడా అదే నిష్పత్తిలో, అంటే సగానికి, కోసేస్తారు. మందులు, స్టెంట్లకు మాత్రం ఈ కోత ఉండకూడదు. డిశ్చార్జి రోజున బిల్లు చూసి గొడవపడి లాభం లేదు. గది ఎంచుకునేటప్పుడే అడగాలి.

అపోహ: కాస్త ఉన్నవాళ్లకు ప్రభుత్వ బీమా రాదు.

వాస్తవం: 70 ఏళ్లు నిండినవారిని ఆదాయంతో నిమిత్తం లేకుండా 2024 అక్టోబరులో ఆయుష్మాన్ భారత్‌లో చేర్చారు. పరిమితి ఏడాదికి 5 లక్షలు. ప్రైవేటు పాలసీ ఉన్నా అర్హులే.

ఆసుపత్రిలో చేరేటప్పుడు అడ్వాన్సు కట్టకముందే, ఆరోగ్యశ్రీ వ్యవహారాలు చూసే ఆరోగ్యమిత్ర డెస్కు ఎక్కడుందో అడగండి. అక్కడెవరూ లేకపోతే 104కు ఫోన్ చేయండి.