వేగపు కార్ల మారుబేరం: పట్టికకు అందని ధరలు

హైదరాబాదు, అత్తాపూర్: పాత కార్ల బజారులో మామూలు సరకుకు ధర కట్టడం పెద్ద పని కాదు. తయారైన సంవత్సరం, తిరిగిన కిలోమీటర్లు, ఎన్నో చేతి బండి అన్న మూడు ముక్కలు చెబితే దళారి చేతిలోని టీ గ్లాసు దించకుండానే రేటు చెప్పగలడు. ఆ రేటుకు అటూ ఇటూ పది, పదిహేను వేలలో బేరం తెగిపోతుంది. అదే దుకాణం ముందుకు స్కోడా ఆక్టేవియా ఆర్.ఎస్. గాని, బి.ఎం.డబ్ల్యు. ఎం 340ఐ గాని, పోర్షే గాని వచ్చి ఆగినపుడు ఈ లెక్క పనిచేయడం లేదు. ఒకే సంవత్సరపు, ఒకే రంగు కార్లు రెండింటికి నాలుగైదు లక్షల తేడా వస్తున్నది. తేడా ఎందుకు వచ్చిందో తెలిసిన వర్తకుడు లాభపడుతున్నాడు. తెలియనివాడు సరకును నెలల తరబడి షెడ్డులో కాపలా కాస్తున్నాడు.

మెహదీపట్నం నుండి ఆరాంఘర్ వరకు 11.6 కిలోమీటర్ల పొడవున సాగే పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే 2009లో తెరిచిన నాటి నుండి అత్తాపూర్, ఉప్పర్‌పల్లి ప్రాంతాల్లో స్తంభాల నంబర్లే చిరునామాలయినవి. ఈ స్తంభాల వెంబడి పాత కార్ల దుకాణాలున్నవి. ఇటు శంషాబాద్ విమానాశ్రయం, అటు ఔటర్ రింగు రోడ్డు దగ్గర కావడంతో ఖరీదైన సరకు కూడా ఈ దారికి వస్తున్నది.

కొత్త కార్ల షోరూములు పాత కారును మార్పిడికి తీసుకునేటపుడు సాధారణంగా బీమా వారి తరుగు లెక్కను దృష్టిలో పెట్టుకుంటవి. ఆ లెక్క ప్రకారం తొలి ఆరు నెలలకు 5 శాతం, ఏడాదికి 15, రెండేళ్ళకు 20, మూడేళ్ళకు 30, నాలుగేళ్ళకు 40, అయిదేళ్ళకు 50 శాతం విలువ తగ్గుతుంది. ఆపైన బీమా కంపెనీ, యజమాని మాట్లాడుకుని తేల్చుకోవలసిందే. 2020లో 200 మాత్రమే దిగుమతి అయిన ఆక్టేవియా ఆర్.ఎస్. 245 షోరూము ధర 35.99 లక్షలు. పట్టిక ప్రకారం అయిదేళ్ళు నిండేసరికి అది 18 లక్షలకు దిగాలి. కాని ఆ కారు కోసం వెతికేవారు పట్టికను చూసి కొనడం లేదు. ఉన్నవే 200. ప్రమాదాల్లో పోయినవి పోగా, అమ్మకానికి వచ్చేవి బహుకొద్ది. 2025 అక్టోబరులో అదే పేరుతో కొత్త ఆర్.ఎస్. 49.99 లక్షలకు వచ్చింది. తెచ్చిన 100 కార్లూ బుకింగు తెరిచిన కొద్దిసేపటికే అయిపోయినవి. కొత్తది దొరకనివాడి చూపు పాతదానిపైకి మళ్ళక తప్పదు.

అయితే కొరత ఒక్కటే ధర నిలపదు. ఫోక్స్‌వాగన్ వారు 2016 నవంబరులో పోలో జి.టి.ఐ. కార్లు 99 మాత్రమే తెచ్చి 25.99 లక్షల ధర పెట్టారు. రెండు తలుపుల చిన్న కారుకు అంత సొమ్మా అని జనం వెనుకాడగా, తరువాత దాదాపు 6 లక్షలు తగ్గించవలసి వచ్చింది. మొదట కొన్నవారి తరుగు ఒక్కరోజులో పట్టికను దాటిపోయింది. ఫియట్ అబార్త్ పుంటోది మరో కథ. 145 గుర్రపు శక్తి గల ఆ కారుకు అభిమానులు ఈనాటికీ ఉన్నారు. కాని కంపెనీయే ఇక్కడ తయారీ ఆపివేసింది. విడిభాగం ఒకటి పోతే బండి ఎన్నాళ్ళు నిలబడిపోతుందో చెప్పలేని స్థితిలో అభిమానం ఒక మేరకే పలుకుతుంది. ధర కట్టే వర్తకుడు ఎన్ని ఉన్నవన్న ప్రశ్నతో పాటు, అడిగేవాడెవడు, విడిభాగాలెక్కడ అన్న రెండు ప్రశ్నలు కూడా వేసుకోవాలి.

ఇక సరకు నాణ్యత. మిర్చి యార్డులో బస్తా పైన మంచి కాయ పోసి అడుగున తాలు కలిపినట్లే, ఈ కార్లలో తాలు కంటికి కనబడని చోట ఉంటుంది. ఇంజను కంప్యూటరులోని లెక్కలు మార్చి శక్తి పెంచడం ఈ కార్ల యజమానులలో మామూలు. అమ్మేముందు పాత లెక్కలు తిరిగి ఎక్కించి, కంపెనీ సైలెన్సరు బిగించి, ఏమీ ఎరగనట్లు తెస్తారు. పెంచిన శక్తిని భరించింది మాత్రం గేరుబాక్సు, టర్బో. వాటి బాగుచేత ఖర్చు లక్షల్లో ఉంటుంది. స్కానరు తగిలిస్తే కొన్ని రకాల్లో ఇంజను కంప్యూటరును ఎన్నిసార్లు తిరగరాశారో తెలుస్తుంది. పోర్షే కార్లలోనయితే ఇంజను హద్దు దాటి ఎన్నిసార్లు తిరిగిందో, ఏ స్థాయిలో తిరిగిందో గుర్తుండిపోతుంది. ఆ కాగితం చూడకుండా పోర్షే కొనడం తేమ చూడకుండా పత్తి కొనడం వంటిదే.

విచిత్రమేమంటే అదనపు సామాను ధర పెంచడం లేదు. యజమాని మూడు లక్షలు పోసి చక్రాలు, సైలెన్సరు, స్ప్రింగులు మార్పించి ఆ మూడు లక్షలూ కలిపి అడుగుతాడు. కొనేవాడు వాటిని తీసివేయడానికయ్యే ఖర్చు తగ్గించుకుంటాడు. కంపెనీ నుండి వచ్చిన అసలు భాగాలు అట్టపెట్టెలో భద్రంగా ఉంటే తగాదా లేదు. లేకపోతే బేరం అక్కడే సగం చెడుతుంది.

ఈ ప్రాంతపు వర్తకులు మరువరానిది వరద. 2020 అక్టోబరు 13 రాత్రి గగన్‌పహాడ్ వద్ద అప్ప చెరువు తెగి విమానాశ్రయం వైపు జాతీయ రహదారిపై నీరు ముంచెత్తినపుడు వాహనాలు కొట్టుకుపోయినవి. 2025 సెప్టెంబరు చివర మూసీ పొంగి మహాత్మాగాంధీ బస్సు స్టేషనులోకి నీళ్ళు వచ్చినవి. మునిగిన కారు కడిగి పాలిష్ చేస్తే కొత్తదానిలా ఉంటుంది. తీగల కీళ్ళలో చిలుము తేలడానికి ఏడాది పట్టవచ్చు. సీటు బెల్టును చివరిదాకా లాగి చూస్తే బురద చార కనబడుతుంది. డిక్కీలోని మారు చక్రం కింద తడవడం, సీట్ల అడుగు బోల్టులపై తుప్పు చూడడం అయిదు నిమిషాల పని. ఆ తేదీల తరువాత బీమా క్లెయిము ఏదైనా ఉన్నదేమో రాయించి అడగాలి. టైరు మీది నాలుగు అంకెలు అది తయారైన వారం, సంవత్సరం చెబుతవి. మీటరు పదిహేను వేల కిలోమీటర్లు చూపుతూ, నాలుగు టైర్లూ ఇటీవలివయితే పాతవి ఎందుకు అరిగినవని అడగవలసి ఉంటుంది.

బండి ఎంత బాగున్నా కాగితాల కట్ట సరిగా లేకపోతే దానికి ధర లేదు. ఢిల్లీలో పదేళ్ళు దాటిన డీజిలు, పదిహేనేళ్ళు దాటిన పెట్రోలు వాహనాలపై నిషేధాన్ని 2018లో సుప్రీంకోర్టు ఖాయం చేసినప్పటి నుండి అక్కడి ఖరీదైన సరకు చవకగా దక్షిణాదికి దిగుతున్నది. అమ్మేవాడు చెప్పే చవక ఢిల్లీ రేటు మాత్రమే. 28వ నంబరు ఫారం మీద నిరభ్యంతర పత్రం తెచ్చి, ఇక్కడ జీవితపన్ను కట్టి, తెలంగాణ నంబరు తీసుకునేసరికి ఆ చవకలో చాలా భాగం కరిగిపోతుంది. వయస్సును బట్టి పన్ను శాతం తగ్గినా, లెక్కకు మూలం కారు కొన్ననాటి ఇన్వాయిసు ధర. అరవై లక్షల కారును ముప్పయికి కొన్నంత మాత్రాన ముప్పయి మీద పన్ను వేయరు.

పుదుచ్చేరి నంబరు బండ్ల సంగతీ ఇంతే. పన్ను తక్కువని అక్కడ రిజిస్టరు చేయించి ఇక్కడ నడిపే కార్లపై 2021 ఆగస్టులో రవాణాశాఖ ప్రత్యేక తనిఖీలు జరిపి ఖరీదైన కార్లను పట్టుకున్నది. అటువంటి కారు కొన్నవాడు మొదటి యజమాని ఎగవేసిన పన్నును కూడా తాను కొన్నట్లే. దిగుమతి సరకయితే కస్టమ్సు బిల్లు తప్పక చూడాలి. 2025 మే నెలలో రెవెన్యూ ఇంటెలిజెన్సు అధికారులు హైదరాబాదుకు చెందిన ఒక డీలరును అరెస్టు చేశారు. విదేశాల్లో స్టీరింగు కుడివైపుకు మార్పించి, విలువ తగ్గించి చూపి కార్లు దిగుమతి చేసినట్లు ఆరోపణ. అదే సంవత్సరం సెప్టెంబరులో భూటాన్ మీదుగా వచ్చిన కార్ల కోసం కేరళలో కస్టమ్సు సోదాలు జరిగినవి. ఇటువంటి కేసులో తెలియక కొన్న మూడో చేతివాడి కారు కూడా స్వాధీనం కావచ్చు. సొమ్ము అతనికి ఎవరు తిరిగి ఇస్తారన్నది వేరే తగాదా.

ఇక అసలు లెక్కకు వద్దాము. ఈ సరకుకు ధర అమ్మకం నుండి వెనక్కు కట్టుకురావాలి. ఈ కింది అంకెలు లెక్క తెలియడానికే తప్ప బజారు రేట్లు కావు. ఒక కారు 28 లక్షలకు పోతుందని వర్తకుడికి నమ్మకమున్నదనుకుందాము. దాన్ని 23 లక్షల 20 వేలకు కొన్నాడు. మధ్య తేడా 4 లక్షల 80 వేలు. చూసేవాడికి ఇది భారీ లాభం. టైర్లు, బ్రేకు డిస్కులు, సర్వీసు కింద 1,60,000 పోయినవి. నూటికి రూపాయిన్నర వడ్డీ చొప్పున మూడు నెలలకు 1,04,400. దళారీ నూటికి రూపాయి, అంటే 28,000. జి.ఎస్.టి. తేడా మీద 18 శాతం, 86,400. మిగిలింది 1,01,200. సరకు మూడు నెలలకు బదులు ఆరు నెలలు నిలిచిందా, మరో 1,04,400 వడ్డీ పడి 3,200 చేతినుండి పోతుంది. ఆలస్యం ఒక్కటే మొత్తం లాభాన్ని మింగివేసింది.

జి.ఎస్.టి. విషయంలో పలువురు పొరబడుతున్నారు. 2024 డిసెంబరు 21న జైసల్మేరులో జరిగిన కౌన్సిలు సమావేశం తరువాత పాత వాహనాలన్నింటికి రేటు 18 శాతమయినా, పెద్ద ఇంజను కార్లకు ఆ రేటు అంతకు ముందు నుండీ ఉన్నదే. పన్ను కొన్నధరకు, అమ్మినధరకు మధ్య తేడా మీద మాత్రమే. నష్టానికి అమ్మితే పన్ను లేదు. అయితే మరమ్మతుకు పెట్టిన ఖర్చును కొన్నధరలో కలిపి తేడా తగ్గించడం కుదరదు. పై లెక్కలో 1,60,000 ఖర్చు మీద కూడా వర్తకుడు పన్ను కట్టినట్లయింది. అందుచేత పనులు అవసరమైన కారుకు ధర కట్టేటపుడు పని ఖర్చుకు దాదాపు అయిదో వంతు కలిపి తగ్గించుకోవాలి.

కొన్న తరువాత ప్రభుత్వం పన్ను మార్చితే వర్తకుడు చేయగలిగింది తక్కువ. 2025 సెప్టెంబరు 22 నుండి పెద్ద కార్లపై పరిహార సెస్సు పోయి 40 శాతం జి.ఎస్.టి. మాత్రమే మిగిలింది. అంతకు ముందు 48 శాతం పడుతున్న కారు ధర సుమారు అయిదున్నర శాతం, 50 శాతం పడుతున్నది ఆరున్నర శాతానికి పైగా తగ్గే లెక్క. కొత్తదాని ధర తగ్గితే దాని నీడలో ఉన్న పాతదీ తగ్గవలసిందే. ముందురోజు కొని పెట్టుకున్నవారికి మార్జిను చాలావరకు అక్కడే పోయింది.

ముందున్న మార్పు ఇంతకంటె పెద్దది. 2025 జూలై 24న బ్రిటనుతో సంతకాలయిన వాణిజ్య ఒప్పందం ప్రకారం అక్కడి కార్లపై వందకు పైగా ఉన్న దిగుమతి సుంకం కోటాకు లోబడి క్రమంగా 10 శాతానికి రావలసి ఉన్నది. ఐరోపా సమాఖ్యతో చర్చలు ముగిసినట్లు 2026 జనవరి 27న ప్రకటించిన ఒప్పందంలోనూ 110 నుండి 10 శాతానికి దిగే ఏర్పాటు, ఏటా రెండున్నర లక్షల కార్ల కోటా ఉన్నవి. నూరు రూపాయల విలువకు 110 సుంకం, దానిపై 40 శాతం జి.ఎస్.టి. వేస్తే 294 రూపాయలవుతుంది. సుంకం 10 అయిననాడు అదే కారు 154. ఈ తగ్గింపు ఒక్కసారిగా రాదు, అన్ని కార్లకూ రాదు. అయినా కోటి రూపాయల ఆస్టన్ మార్టిన్ పాత కారు చూడవచ్చినవాడు ఈ లెక్క వేసుకునే వస్తాడు. చెన్నైలో కూర్చిన బి.ఎం.డబ్ల్యు. ఎం 340ఐ వంటి వాటిపై మొదటినుండీ ఇంత సుంకం లేదు గనుక వాటికి ఈ దెబ్బ తక్కువ. నేరుగా దిగుమతయినవాటిని, ఇక్కడ కూర్చినవాటిని ఒకే గాట కట్టి ధర చెప్పడం ఇకమీదట చెల్లదు.

ఈ కారణాల వల్ల ఖరీదైన సరకును సొంతానికి కొనకుండా, మిర్చి కమీషను వ్యాపారుల పద్ధతిలో, యజమాని పేరనే ఉంచి షెడ్డులో నిలిపి అమ్మిపెట్టడం పెరుగుతున్నది. దీనిలో వడ్డీ బాధ లేదు, ధర పడిపోతే నష్టం యజమానిదే. కమీషను మీద మాత్రం 18 శాతం జి.ఎస్.టి. ఉన్నది. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన నిబంధనల ప్రకారం పాత వాహనాల డీలరు రవాణాశాఖ వద్ద అధికార పత్రం తీసుకుని, బండి తన చేతికి వచ్చిన సంగతి తెలియజేయాలి. ఆ క్షణం నుండి బండి వలన వచ్చే బాధ్యత డీలరుదే. ఔటర్ రింగు రోడ్డుపై వేగ పరిమితి గంటకు 120 కిలోమీటర్లు. పరీక్షించి చూస్తానని తాళం అడిగే కుర్రవాళ్ళు ఆ పరిమితి కోసం రావడం లేదు. తాళం ఇచ్చేముందు అతని లైసెన్సు నకలు, బయానా సొమ్ము పుచ్చుకోవడం, పక్క సీటులో తన మనిషిని కూర్చోబెట్టడం వర్తకుడికి క్షేమం. యజమానితో రాసుకునే కాగితంలో మూడు నెలల గడువు, గడువులోపు పన్ను గాని సుంకం గాని మారితే ధర తిరిగి మాట్లాడుకోవాలన్న షరతు ముందే వేయించుకోవాలి.